కార్డు మీద పేరు

చక్రాన్ని చేత్తో తిప్పేటప్పుడు తొందర పనికిరాదు. చుట్టుకు రెండు సెకన్లు, అంతే. జోరుగా తిప్పితే పాడైన సెన్సర్ కూడా బాగున్నట్టే మీటరు చూపిస్తుంది. మరీ మెల్లగా తిప్పితే బాగున్నదాన్ని కూడా పాడైందని చూపిస్తుంది. కళ్యాణి ఇటుక మీద కూర్చుని, మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ట్రెయిలర్ ఎడమ వెనక చక్రాన్ని తిప్పుతోంది. జాకీ మీద లేచిన చక్రం బురద రాలుస్తూ తిరుగుతోంది. పక్కనే గోనెసంచి మీద పెట్టిన మీటరు సున్నా పాయింట్ సున్నా ఆరు వోల్టు దగ్గర ఆగింది.

మళ్లీ తిప్పింది. మళ్లీ అదే అంకె. కనీసం సున్నా పాయింట్ రెండు రావాలి.

"ఏమైంది? సెన్సర్ ఖరాబైందా?" అన్నాడు అమిత్. గ్యారేజీ యజమాని కాశీనాథ్ సేట్ కొడుకు. ఈ ట్రెయిలర్ కూడా సేట్‌దే. ఫోనులోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"సెన్సర్ మంచిగనే ఉన్నది చిన్న సేట్. వైరు గూడ మంచిగనే ఉన్నది. పదకొండు వందల ఓములు చూపెడ్తున్నది, గంతే ఉండాలె. ఖరాబైంది బేరింగు."

"లైట్ వెలుగుతున్నది సెన్సర్‌కు. బేరింగుకు లైట్ ఏడుంటది?"

కళ్యాణికి ఒళ్లు మండింది. నాగపూర్‌లో ఆరు నెలల కోర్సు చేసి వచ్చి, ఆ సర్టిఫికెట్‌ను లక్ష్మీదేవి పటం పక్కన అద్దం కట్టించి పెట్టుకున్న మనిషి అడిగే మాటేనా ఇది? చక్రం లోపల పళ్ల రింగు ఒకటి తిరుగుతుంది. దానికి ఆనీ ఆననట్టు బొటనవేలంత సెన్సర్ కూర్చుంటుంది. పళ్లు దాటిపోతుంటే అందులో రవ్వంత కరెంటు పుడుతుంది. ఏ చక్రం తిరుగుతోందో, ఏది బిగుసుకుపోయిందో ఆ కరెంటును బట్టే ఏబీఎస్ అనే బ్రేకు డబ్బాకు తెలుస్తుంది. బిగుసుకున్న చక్రానికి గాలి తగ్గించి మళ్లీ తిరగనిస్తుంది. సెన్సర్ దూరం జరిగిందా, డబ్బాకు ఇక ఏమీ తెలియదు. నా వల్ల కాదని చెప్పడానికే ట్రెయిలర్ పక్కన పసుపు లైటు వెలుగుతుంది.

"ఇటు సూడుండ్రి," అని ఆమె వంగి, సెన్సర్‌ను బొటనవేలితో లోపలికి నొక్కింది. రింగుకు తగిలి టిక్కుమంది. చక్రం తిప్పితే మీటరు సున్నా పాయింట్ నాలుగు చూపించింది. తర్వాత టైరు కింద గడ్డపార పెట్టి రెండుసార్లు పైకి లేపి వదిలింది. చక్రం టక్కుటక్కుమని ఊగింది. మళ్లీ తిప్పితే సున్నా పాయింట్ సున్నా ఆరు. "బేరింగు వదులైంది, అండ్ల ఆట ఉన్నది. చక్రం ఊగినప్పుడల్ల రింగే సెన్సర్‌ను బయటికి నూకుతున్నది. ఎన్నిసార్లు లోపటికి నెట్టినా గింతే."

"సైకిల్ ట్యూబు పెట్టు."

ట్యూబు పెట్టడం అంటే సిరోంచ వైద్యం. సెన్సర్‌ను పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పు దొరకదు, దొరికితే ఖరీదు. అందుకని పాత సైకిల్ ట్యూబును బెత్తెడు ముక్క కోసి, సెన్సర్‌కు చుట్టి, రంధ్రంలో బిగదోస్తారు. మహారాష్ట్ర కొసన ఉన్న మన ప్రాణహిత ఒడ్డున తప్ప ఇంకెక్కడా ఈ విద్య ఉన్నట్టు లేదు. కళ్యాణి కూడా మొన్న ఎండాకాలం రెండు బండ్లకు అట్లాగే చుట్టింది. రెండూ వారం తిరక్కుండా లైటు వెలిగించుకుని వాపసొచ్చాయి. బ్రేకు వేడికి రబ్బరు మెత్తబడుతుంది, సెన్సర్ జారుతుంది. అప్పటినుంచి ఆ పని మానేసింది.

"నేను పెట్ట. అండ్ల బేరింగే లేనట్టున్నది. మంచిర్యాలకు ఫోన్ చేస్తె రేపు పొద్దుమీకెవరకు కొత్తది బస్సుల వస్తది. ఒక్కరోజు బండి ఆపుండ్రి."

"రేపు అంకిసకు యూరియా పోవాలె. సొసైటోళ్లు పానం తింటున్నరు."

"పోయేటప్పుడు బరువుంటది, ఎట్లనో పోతది. వచ్చేటప్పుడు ఖాళీ ట్రెయిలర్, పైన వాన. బ్రేక్ కొడ్తె చక్రాలు బిగుసుకుంటయి, వెనక భాగం గిర్రున తిరుగుతది. ఎవలన్న మీద పడితె?"

అమిత్ ఆమె వైపు చూసి నవ్వాడు. చెవికి ఫోను ఆనించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

కళ్యాణి పసుపు పెయింటు పెన్ను తీసి, చక్రం పక్కన ఛాసిస్ ఇనుము మీద తుడిచిన చోట తేదీ రాసింది. కింద 0.06 అని రాసి, మరాఠీలో 'బేరింగు ఆట, బండి తీయొద్దు' అని రాసింది. బండి బండికీ ఇట్లా రాయడం ఆమెకు మూడేళ్లుగా అలవాటు. అలవాటు అనడం కంటే మొండితనం అనాలి. గ్యారేజీలో ప్రతి రిపేరుకూ ఒక కార్డు ఉంటుంది. కుట్టిన పుస్తకంలో వరుస నంబర్లతో వచ్చే కార్డులు అవి. బండి నంబరు, ఉన్న లోపం, చేసిన పని, మెకానిక్ పేరు. పని కళ్యాణి చేస్తుంది, పేరు అమిత్‌ది పడుతుంది. సొమ్మొకడిది సోకొకడిది. నా పేరు రాయండని మూడుసార్లు అడిగింది. మొదటిసారి చూద్దామన్నారు. రెండోసారి, ఆడపోరి పేరు చూస్తే ట్రాన్స్‌పోర్టోళ్లు మన దగ్గర బండి పెడతారా అన్నారు. మూడోసారి నవ్వి ఊరుకున్నారు. కాగితం మీద చోటు లేకపోతే ఇనుము మీద ఉంది కదా అని ఆమె ఇనుము మీద మొదలుపెట్టింది.

చేతులు తుడుచుకుని కాశీనాథ్ సేట్ గల్లా దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. సేట్ ఎవరి మీదా అరవడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. అరిస్తే ఎదురు చెప్పొచ్చు. వక్క నములుతూ చివరిదాకా విన్నాడు.

"సరే బేటా. తెప్పిద్దాం. నువ్వు చెప్పినవంటె అట్లనే ఉంటది. ఇగ ఇంటికి పో, వాన వచ్చేటట్టున్నది."

ఆ మాటకు ఆమె మురిసిపోయిన మాట నిజం. సైకిల్ తొక్కుతూ దారంతా ఆ మాటే తలుచుకుంది.

ఇంటి ముందు అరుగు మీద తండ్రి రాయమల్లు చేపల వల చిల్లులు కుట్టుకుంటున్నాడు. బడిలో గంట కొట్టి రిటైరైన మనిషి. అక్షరాలు కూడబలుక్కుని చదవలేడు గానీ కూతురి పేరు మరాఠీలో ఎట్లా ఉంటుందో బాగా తెలుసు. ఐటీఐ సర్టిఫికెట్ మేకుకు వేలాడుతుంటే రోజూ చూసి చూసి ఆ ఆకారం పట్టేశాడు.

"రాసిండ్రా బిడ్డా నీ పేరు?"

"ఇయ్యాల గూడ రాయలే బాపు."

"రాస్తరు తియ్యి. పని చేసినోళ్ల పేరు ఎన్నొద్దులు దాస్తరు?" అని రాయమల్లు సూదిని వెంట్రుకలకు రాసుకుని మళ్లీ వలలో దూర్చాడు.

*

మంగళవారం పొద్దున గ్యారేజీకి వచ్చేసరికి ట్రెయిలర్ లేదు. అది నిలబడిన చోట నూనె మరకల మీద నిలిచిన వాన నీళ్లలో రంగులు తేలుతున్నాయి.

"బేరింగ్ వచ్చిందా?" అంది కళ్యాణి. అంత పొద్దున్నే బేరింగ్ ఎక్కడినుంచి వస్తుంది? తెలిసి తెలిసి అడిగింది.

"లైట్ బందైంది, బండి పోయింది," అన్నాడు అమిత్ చాయ్ తాగుతూ.

"ఎట్ల బందైంది?"

మళ్లీ అడగాల్సిన పని లేకపోయింది. పనిముట్ల బల్ల మీద కత్తెర పక్కన ఎర్ర సైకిల్ ట్యూబు మిగిలిన ముక్క ఉంది. దాని పక్కన అగ్గిపెట్టె మూతలో చిన్న పసుపు బల్బు ఉంది. ఏ బల్బో చూడగానే తెలిసింది. సెన్సర్ బాగైతే లైటు ఆరుతుంది. బల్బు పీకేసినా ఆరుతుంది. ఇంత సులువు తెలియక కంపెనీలోళ్లు అనవసరంగా ఏండ్లకేండ్లు చదువుకున్నారు!

సేట్ దగ్గరికి వెళ్లింది. "సేట్, నిన్న మీరు బేరింగ్ తెప్పిద్దామంటిరి గదా."

"ఒక్క ట్రిప్పే బేటా. వచ్చినంక మార్పిద్దాం. జంగుకు చెప్పిన, నిమ్మళంగ నడుపుమని."

జంగు ఆ బండి డ్రైవరు. ఏటపల్లి అడవి ఊరి గోండు మనిషి. యాభై ఏళ్లుంటాయి. గ్యారేజీలో కళ్యాణిని పోరి అని పిలవనివాడు అతనొక్కడే. ఆమె అతనికి ఫోను చేసింది. కలవలేదు. అంకిస దారిలో సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మూడుసార్లు చేసి, వేరే బండి డైనమో విప్పుకుని కూర్చుంది.

పన్నెండింటికి వాన పడింది. రెండు గంటలకు సేట్ ఫోను మోగింది. ఆయన "అచ్ఛా, అచ్ఛా" అని విని, ఫోను కింద పెట్టి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

అంకిసలో యూరియా దించి ఖాళీగా తిరిగొస్తుంటే కల్వర్టు మలుపులో బర్రెలు అడ్డం వచ్చాయి. జంగు బ్రేకు తొక్కాడు. ముందు భాగం ఆగింది. వెనక ట్రెయిలర్ ఆగలేదు, అడ్డం తిరిగి రోడ్డంతా ఊడ్చుకుంటూ పోయి ఎదురుగా వస్తున్న మోటార్ సైకిల్‌ను కొట్టింది. బండి మీద ఉన్నది శంకరన్న. అంకిసలో చేపలు పట్టి సిరోంచ అంగడిలో అమ్ముకునేవాడు. ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. చంద్రపూర్ దవాఖానకు తీసుకుపోయారు.

కళ్యాణి చేతిలో స్క్రూలు జారి కింద పడ్డాయి. వంగి ఏరుకుంటూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. శంకరన్న అంగట్లో ఆమెకు ఎప్పుడూ ఒక చేప ఎక్కువే వేసేవాడు. నిన్న అరిచి గోల చేసి చక్రం విప్పి పక్కన పడేసి పోయి ఉంటే? సేట్ ఒక్క మంచి మాట అన్నాడని మురిసిపోయి ఇంటికి పోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

*

బుధవారం నాటికి సిరోంచలో అందరికీ ఒకటే మాట తెలిసింది. జంగు తాగి ఉన్నాడట. ఎనభై మీద వచ్చాడట. గోండోళ్లు ఇప్పసారా తాగకుండా ఉంటారా అట. చాయ్ హోటల్లో చెప్పినవాడు చూసినట్టే చెప్పాడు. దవాఖానలో పరీక్ష చేస్తే చుక్క కూడా లేదని తేలింది. అది మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

గ్యారేజీలో సేట్ ఆమెను పిలిచి కుర్చీ చూపించాడు. మూడేళ్లలో కుర్చీ చూపించడం అదే మొదలు.

"రేపు గడ్చిరోలి నుంచి బండ్ల ఇన్‌స్పెక్టర్ వస్తడు. బ్రేకులు చూస్తడు, రాసుకుంటడు, పోతడు. నువ్వు మధ్యల రాకు బేటా. నీ మంచికే చెప్తున్న."

"జంగు కాకా ఏం జేసిండు సేట్?"

"జోరుగ వచ్చిండు."

"మీరు చూసిండ్రా?"

సేట్ వక్క పలుకు నోట్లో వేసుకున్నాడు.

సాయంత్రం బస్టాండు వెనక చాయ్ బండి దగ్గర జంగు కనిపించాడు. జామీను మీద బయటికి వచ్చి, ఊరికి పోయే ముఖం లేక అక్కడ కూర్చున్నాడు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

"ముప్పై మీద ఉన్న బిడ్డా," అన్నాడు ఆమె అడగకముందే. "మా పెద్దదేవుని మీద ఒట్టు. బర్రెల్ని చూసి తొక్కిన. అద్దంల చూస్తె వెనక ట్రెయిలర్ నా పక్కకే వస్తున్నది. నా బండి నన్నే దాటిపోతున్నది. ఇరవై రెండేండ్లల ఎన్నడు గట్ల చూడలే."

"బల్బు పీకింది నీకెరుకేనా కాకా?"

జంగు అటూ ఇటూ చూశాడు. "నా ముందే పీకిండు చిన్న సేటు. ఏందిది అంటె, లైటు ఉత్తగనే పరేషాన్ చేస్తది, నువ్వు నడుపు అన్నడు. ట్యూబు గూడ చుట్టిండు. నువ్వు పసుపుతోని రాసింది డీజిల్ గుడ్డతోని తుడిచిండు. బండి ఖరాబు కనవడ్తదట." చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "లైసెన్స్ పోతె నేనేం పని చెయ్యాలె? ఈ వయసుల తునికాకు కొయ్యాల్నా? ఇంట్ల ఐదుగురు నా మీదనే బతుకుతున్నరు. నువ్వొక్క మాట చెప్తె చాలు బిడ్డా. సదువుకున్నదానివి, నీ మాట ఇంటరు."

"చెప్పుడు కాదు కాకా, చూపెడ్త. చక్రం లేపి మీటర్ పెడ్తె దానికదే చెప్తది. నువ్వు మాత్రం చూసింది చూసినట్టు చెప్పు."

"చెప్పకుంట ఉంటనా?" అని జంగు ఆమె చేయి పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

*

గురువారం పదకొండు గంటలకు పోలీస్ స్టేషన్ ఆవరణలో గోడవారన ట్రెయిలర్ నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ రెయిన్ కోటు విప్పి జీపు మీద పడేసి, గాలి పైపులు, బ్రేకు లైనింగులు ఒక్కొక్కటే చూశాడు. ఓపికగలవాడే. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎందుకుండవు? చెడింది అవి కావు కదా. సన్నటి తుంపరకు సేట్, అమిత్ గొడుగు కింద నిలబడ్డారు. జంగు కాస్త దూరంగా చేతులు కట్టుకుని ఉన్నాడు.

"బ్రేకుల్లో లోపం లేదు," అని ఇన్‌స్పెక్టర్ మరాఠీలో అంటూ పెన్ను తీశాడు. "వేగమే కారణమై ఉండాలి."

"సాబ్, ఒక్క చక్రం చూసి రాయండి," అంది కళ్యాణి కూడా మరాఠీలోనే. మీటరు సంచి భుజానికి ఉంది.

"నువ్వెవరు?"

"ఈ సేట్ గ్యారేజీలో ఎలక్ట్రీషియన్ని."

ఇన్‌స్పెక్టర్ సేట్ వైపు చూశాడు. సేట్ మెత్తగా నవ్వి, "చూపెట్టనీయండి సాబ్, తెలివిగల పిల్ల," అన్నాడు. అడ్డం చెప్పలేదు. అప్పుడే ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు. చేతుల నిండా పని ఉంటే ఆమెకు ఇంకేమీ కనపడదు.

జాకీ పెట్టి ముందు కుడి వెనక చక్రం లేపింది. ప్లగ్గు పీకి మీటరు తీగలు తగిలించి తిప్పింది. సున్నా పాయింట్ నాలుగు ఐదు. తర్వాత ఎడమది. సున్నా పాయింట్ సున్నా ఐదు.

"నన్ను తిప్పనీ," అని ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతులు మడిచి జోరుగా తిప్పాడు. అంకె పెరిగింది.

"అంత జోరుగా కాదు సాబ్. చుట్టుకు రెండు సెకన్లు. ఒకటి... రెండు..."

ఆయన ఆమె లెక్కతో పాటు తిప్పాడు. అంకె పడిపోయింది. ఆయన తల పక్కకు వంచి మళ్లీ తిప్పాడు. ఆమె గడ్డపారతో చక్రం ఊపి చూపించింది. సెన్సర్‌ను బయటికి లాగితే దాని చుట్టూ ఎర్ర ట్యూబు ముక్క వచ్చింది, వేడికి మెత్తబడి, బంకబంకగా. పక్క లైటు అద్దం విప్పితే లోపల బల్బు లేదు. ఛాసిస్ మీద ఆమె రాసిన చోట పసుపు మరక అలికినట్టు మిగిలి ఉంది, ఒక్క అక్షరమూ చదవ వీలుకాదు.

"డబ్బాకు ఈ చక్రం సంగతి తెలియలేదు సాబ్. ఖాళీ బండి, తడి రోడ్డు, చక్రాలు బిగుసుకున్నాయి. ముప్పై మీద వచ్చినా ఇట్లాగే తిరుగుతుంది. డ్రైవర్‌కు తెలిసే దారి లేదు, తెలిపే లైటునే తీసేశారు."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు రాసుకున్నాడు. "ఇన్నేళ్ల సర్వీసులో ఇంత సాఫుగా ఎవరూ చూపించలేదు," అన్నాడు. జంగు వైపు తిరిగి, "లోపం బండిలోనే ఉంది. నీ తప్పేమీ లేదని రాస్తున్నా," అన్నాడు. జంగు ముఖం మీదుగా కన్నీళ్లు జారాయి. తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

కళ్యాణికి గుండె నిండిపోయింది. తన మాట ఒకటి, మొట్టమొదటిసారి, కాగితం మీద పడింది. మీటరు తీగలు చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఈ బండిని చివరిసారి ఎవరు చూశారు? రికార్డు ఉందా?"

"ఉంది సాబ్," అన్నాడు కాశీనాథ్ సేట్. సంచిలోంచి కార్డుల పుస్తకం తీశాడు. వెతకనక్కరలేకుండా పేజీలో అగ్గిపుల్ల పెట్టి ఉంది.

నంబరు రెండు వందల పద్నాలుగు. సోమవారం తేదీ. లోపం: ఏబీఎస్ లైటు. చేసిన పని: సెన్సర్ సరిచేయబడింది, లైటు ఆరింది, బండి ఓకే. మెకానిక్ పేరు: కళ్యాణి రాయమల్లు దుర్గం.

అమిత్ చేతిరాత అది. గుండ్రంగా, ముద్దుగా, ఒక్క కొట్టివేత లేదు. తండ్రి పేరుతో, ఇంటి పేరుతో సహా రాశాడు.

కళ్యాణి పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. ప్రమాదం తర్వాత ఇరికించిన కాగితమైతే బాగుండునని ఆమె వేళ్లు వెతికాయి. కాదు. కుట్టిన పుస్తకం. రెండు వందల పదమూడు, అమిత్ పేరు. రెండు వందల పదిహేను, మంగళవారం పొద్దున ఆమె విప్పిన డైనమో, అమిత్ పేరు. పదహారు, అమిత్. ఈ ఒక్క కార్డే ఆమెది. అంటే సోమవారం నాడే రాశారు. "నువ్వు చెప్పినవంటె అట్లనే ఉంటది" అని ఆమెను ఇంటికి పంపించిన సాయంత్రమే రాశారు. ఆమె మాట వాళ్లు నమ్మారు. బండి అడ్డం తిరుగుతుందని నమ్మారు కాబట్టే, తిరిగినప్పుడు కార్డు మీద ఎవరి పేరుండాలో చూసుకున్నారు.

"ఇది నీ పేరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన గొంతు మారింది.

"నా పేరే."

"బల్బు నువ్వు తీశావా?"

"కాదు సాబ్. చిన్న సేట్ తీశాడు. ట్యూబు కూడా ఆయనే చుట్టాడు. బండి తీయొద్దని ఇక్కడే పసుపు రంగుతో రాశాను, తుడిచేశారు."

"చూసినవాళ్లు ఉన్నారా?"

కళ్యాణి జంగు వైపు తిరిగింది. అప్పటికే అమిత్ గొడుగు జంగు నెత్తిమీదికి వచ్చింది. అమిత్ చేయి అతని భుజం మీద ఉంది. "రేపటికెల్లి రెండో బండి నీదే కాకా," అని మెల్లగా అంటున్నాడు. అమిత్ నోట కాకా అనే మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఏం జంగు, నువ్వు చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

జంగు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కుడి చెప్పు బొటనవేలు దగ్గర తెగి, తీగతో కట్టి ఉంది. "నేను చూడలే సాబ్," అన్నాడు. "నేను చాయ్ తాగనీకె పోయిన."

కళ్యాణికి కోపం ముందు రాలేదు. తీగతో కట్టిన ఆ చెప్పునే చూసింది. ఆ తర్వాత వచ్చింది, అరికాళ్ల నుంచి నెత్తిదాకా. అరవాలనిపించింది. కానీ ఎవరి మీద అరవాలి? లోపాన్ని రుజువు చేసింది తనే. అనుమానానికి చోటు లేకుండా, సెకన్లు లెక్కపెట్టి మరీ రుజువు చేసింది.

"సాబ్, పెన్ను ఇవ్వండి."

కార్డు అడుగున 'మెకానిక్ సంతకం' అని ఒక గీత ఉంది. గ్యారేజీలో ఎవరూ ఎన్నడూ దాన్ని నింపలేదు. సేట్ చేయి చాచాడు. "దస్తకత్ అక్కర లేదు బేటా. పుస్తకం ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. పుస్తకాన్ని టైరు మీద పెట్టి రాసింది. ఎడమ వెనక 0.06. బేరింగులో ఆట. బండి తీయొద్దని సేట్‌కు చెప్పాను. కింద సంతకం చేసి ఆనాటి గురువారం తేదీ వేసింది.

ఇన్‌స్పెక్టర్ చదివాడు. "ఈ రోజు తేదీ వేశావు. దీనికి కోర్టులో విలువ ఉండదు."

"తెలుసు సాబ్. సోమవారం తేదీ వేస్తే వాళ్లకూ నాకూ తేడా ఏముంటుంది?"

ఆయన పుస్తకాన్ని సేట్‌కు తిరిగివ్వకుండా తన సంచిలో పెట్టుకున్నాడు. "నీ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ కార్డు నీ పేరు మీద ఉంది. పిలిచినప్పుడు రావాలి. ఊరు విడిచి పోవద్దు," అని జీపు ఎక్కాడు.

గేటు దగ్గర జంగు ఆమె వెనక పరుగెత్తుకుంటూ వచ్చాడు. "బిడ్డా... ఇంట్ల ఐదుగురు..."

"నీ లైసెన్స్ నిలవడ్డది గదా కాకా. ఇగ పో. రెండో బండి ఎక్కేముందు నాలుగు చక్రాలు ఊపి చూసుకో. చూసెటోళ్లు ఇగ ఎవలు లేరు అక్కడ."

*

ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది. అరుగు మీద రాయమల్లు కుట్టిన వలను పరిచి చూసుకుంటున్నాడు. ఒక్క చిల్లు కూడా మిగల్లేదు. ఆ సంతోషం ముఖంలో ఉంది.

కళ్యాణి సైకిల్ గోడకు ఆనించి, తొట్టి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఎర్ర ట్యూబు జిగట వేళ్ల సందుల్లో పట్టుకుంది.

"జల్దిన వచ్చినవేంది? పని లేదా?"

"లేదు బాపు."

ఆయన వల మడుస్తూ రోజూ అడిగే మాటే అడిగాడు. "ఇయ్యాలన్న రాసిండ్రా బిడ్డా నీ పేరు?"

ఆమె చేతుల మీద నీళ్లు పోసుకుంది. మురికి పోలేదు, మళ్లీ పోసుకుంది.

"రాసిండ్రు బాపు."

రాయమల్లు చేతిలోని వల ఒళ్లోకి జారింది. "నిజంగన? నువ్వు చూసినవా?"

"చూసిన."

"మంచిగ రాసిండ్రా? తప్పుల్లేకుంట?"

"మంచిగ రాసిండ్రు. నీ పేరు గూడ రాసిండ్రు. ఇంటిపేరు గూడ."

"నా పేరు గూడన!" అన్నాడు రాయమల్లు. ముసలాయన గబుక్కున లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కున్నాడు. "నేను చెప్పలేదా, పని చేసినోళ్ల పేరు ఎన్నొద్దులు దాస్తరని? ఉండు, శక్కర తెస్త. సేమ్యా వండుకుందాం. ఆ కార్డు ఒక్కసారి నాకు చూపెడ్తరా బిడ్డా? ఇచ్చుడు అక్కర లేదు, చూసి ఇచ్చేస్త."

"చూపెడ్తరు బాపు," అంది కళ్యాణి. "పిలుస్తమన్నరు. అప్పుడు నువ్వు గూడ రా."